బొమ్మల షెడ్డులో కట్టరాని కుళాయి

ఇన్నేళ్ల ఉద్యోగంలో బొమ్మలు నన్ను ఒక్కసారి కూడా బాత్రూం ఎక్కడని అడగలేదు. మనుషులు అడిగారు. రోజూ అడిగారు. మ్యూజియంలో పనంటే చల్లటి హాలులో కుర్చీ వేసుకుని కళను కాపాడటం అనుకుని వచ్చే కొత్త పిల్లలకు నేను మొదట చెప్పే మాట ఇదే. ముందు బాత్రూముకు దారి చక్కగా చెప్పటం నేర్చుకోండి. కళ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నా పేరు రంగలక్ష్మి. మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మీదున్న ఆధునిక కళల మ్యూజియంలో హాలు అటెండెంటుగా చేసి రిటైరయ్యాను. అది ఒకప్పుడు పలకల ఫ్యాక్టరీ. పలకలకు గిరాకీ తగ్గి మూతపడితే, హైదరాబాదులోని ఒక ట్రస్టు వాళ్లు షెడ్డు తీసుకుని, గోడలకు తెల్లరంగు వేయించి, ఏసీలు బిగించి, ఎక్కడెక్కడి బొమ్మలో తెచ్చి పెట్టారు. బోర్డు మీద పొడవాటి పేరుంది. ఊళ్లో ఎవర్ని అడిగినా బొమ్మల షెడ్డు అంటారు. ఆటో ఎక్కి బోర్డు మీది పేరు చెబితే కోర్టు దగ్గర దింపేసి పోతారు.

ప్రమోషన్ల గురించి రాయను. ఆ ఉద్యోగంలో అవి లేవు కూడా. సందర్శకులు మాత్రం నాకు టైముకు ప్రమోషన్లు ఇస్తూ వచ్చారు. అక్కగా చేరాను. కొన్నేళ్లకు అత్తనయ్యాను. జుట్టు నెరిశాక అవ్వగా రిటైరయ్యాను. పేరు రాసిన బ్యాడ్జి ఇన్నేళ్లూ పెట్టుకు తిరిగాను గానీ, దాన్ని చదివి పేరుతో పిలిచినవాళ్లు ఒక్కరూ లేరు.

అందరికీ నచ్చిన నీలం బొమ్మ

మా క్యూరేటరు సుచరిత గారు. బొమ్మల్ని ఎంచి తేవటం, ఎక్కడ పెట్టాలో నిర్ణయించటం ఆమె పని. హైదరాబాదులో మంచి ఉద్యోగం వదులుకుని, ఎండకు తట్టుకోలేనని తెలిసి కూడా మార్కాపురం వచ్చిన మనిషి. మంచి ఆవిడ. కోపం వస్తే గొంతు తగ్గించేది, పెంచేది కాదు. ఆమెలో నాకు కనబడిన లోపం ఒక్కటే. మనుషులు ఏం చేసినా దాని వెనక పెద్ద అర్థం ఉందనుకునేది.

ఒక ఎండాకాలం ఆమె ఒక సంగతి గమనించింది. జనం అన్ని బొమ్మల ముందూ అరక్షణం నిలబడి, ఒక్క నీలం బొమ్మ ముందు మాత్రం చాలాసేపు నిలబడుతున్నారు. గోడంత బొమ్మ అది. నీలం రంగు తప్ప అందులో ఇంకేమీ లేదు. వెలిగండ్ల వైపు నుంచి గొర్రెలవాళ్ల కుటుంబం ఒకటి వచ్చి, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, చంటిపిల్లను పడుకోబెట్టి మరీ చూశారు. సుచరిత గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. వానలు లేని నేల మీద పుట్టినవాళ్ల మనసు నీలం రంగును ఎట్లా వెతుక్కుంటుందో ఆమె పెద్ద వ్యాసం రాసింది. దాన్ని హైదరాబాదులో ఎక్కడో చదివితే చప్పట్లు కొట్టారట.

ఏసీ గాలి సరిగ్గా ఆ బొమ్మ ముందు పడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, వాచ్‌మన్ కాశయ్యకు తెలుసు, పడుకున్న చంటిపిల్లకు కూడా తెలుసు. కానీ ఆమె అంత సంతోషంగా ఉంటే చెప్పటానికి నోరు రాలేదు. తర్వాత ఏసీ మెకానిక్కు వచ్చి గాలిని పక్కకు తిప్పాడు. మర్నాటి నుంచి జనమంతా పక్కనున్న ఎర్ర బొమ్మ ముందు కూర్చున్నారు. సుచరిత గారు రెండు రోజులు ఆలోచించి, "రంగమ్మా, వీళ్లలో ఏదో కోపం మొదలైంది" అన్నది.

అప్పుడు చెప్పాను. ఆమె ముందు నమ్మలేదు. తర్వాత తనే వెళ్లి ఎర్ర బొమ్మ ముందు నిలబడింది. చాలాసేపు అక్కడే నిలబడింది.

కొత్తవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోండి. చల్లదనం కోసం వచ్చినా, బస్సు టైము కాలేదని వచ్చినా, వచ్చినవాళ్లు వచ్చినట్టే. ఎందుకొచ్చావని ఎవర్నీ పరీక్ష పెట్టకండి.

కూర్చునేవి, చూసేవి

హాలు మధ్యలో నాలుగు బెంచీలు ఉండేవి. వంపులు తిరిగి, మెరిసిపోతూ, ఒక్కొక్కటి ఒక్కో రంగులో ఉండేవి. వాటి మీద ఎవరూ కూర్చునేవారు కాదు. దూరం నుంచి చూసి, "ఎంత బాగా చేసినారో" అని వెళ్లిపోయేవారు. ఆ పక్కనే నల్లరాతితో చేసిన శిల్పం ఒకటి, మోకాలెత్తున నున్నగా, పై భాగం చదునుగా ఉండేది. దాని పేరు 'వియోగం'. అందరూ దాని మీద కూర్చునేవారు. మిట్టమధ్యాహ్నం కూడా అది చల్లగా ఉండేది మరి. వియోగం మీద కూర్చుని అరటిపండ్లు తిన్నవాళ్లను ఎంతమందిని లేపానో చెప్పలేను.

గిద్దలూరు నుంచి వచ్చిన ఒక రిటైర్డు మాస్టారు లేవనన్నాడు. "ఇది కూర్చునేది కాదంటే, కూర్చునేది యాడుందో చూపించు తల్లీ" అన్నాడు. బెంచీ చూపించాను. ఆయన దాన్ని చుట్టూ తిరిగి చూసి, "వద్దులేమ్మా, దీని మీద గూర్చుంటే నువ్వే మళ్లీ లేపుతావు" అన్నాడు. ఆయన అనుమానం న్యాయమైనదే. చివరకు సుచరిత గారితో కొట్లాడి ఆ బెంచీలు తీయించి, రైల్వేస్టేషన్లో ఉండేలాంటి మామూలు బెంచీలు వేయించాను. ఆ రోజు నుంచి వియోగానికి కాస్త ఊపిరాడింది.

కుళాయి వచ్చింది

ఇక అసలు సంగతి. ఈ ఉద్యోగంలో నేను నిజంగా చేసిన పనేమిటంటే కుళాయి తిప్పటం.

విశ్వం గారనే ఆర్టిస్టు ఉండేవారు. పెద్ద పేరున్న మనిషి. మా షెడ్డు కోసమే ఆయన ఒక పని చేసిచ్చారు. పైకప్పు దూలం నుంచి ఒక గొట్టం దిగుతుంది. దాని చివర మామూలు ఇత్తడి కుళాయి, మన ఇళ్లలో ఉండేదే. కింద మార్కాపురం నల్లరాతి తొట్టి. కుళాయి తెరిచి ఉంటుంది, నీళ్లు ధారగా తొట్టిలో పడుతూ ఉంటాయి. కింద దాచిన మోటారు ఆ నీళ్లనే మళ్లీ పైకి ఎక్కిస్తుంది. దీని పేరు 'నిరంతరం'. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. మ్యూజియం తెరిచి ఉన్నంతసేపూ ధార ఆగకూడదు. ఆగితే అది తన పని కాదు, తీసుకుపోతానన్నాడు.

హైదరాబాదులోనో బొంబాయిలోనో అయితే జనం దాన్ని చూసి, తల పంకించి, ఫోటో తీసుకుని వెళ్లిపోయేవారేమో. ఇది మార్కాపురం. ఇటు తర్లుపాడు, అటు పుల్లలచెరువు. ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని రోడ్డు వైపు చూస్తూ పెరిగినవాళ్లు మా సందర్శకులు. ఎవరూ లేని గదిలో కుళాయి కారుతుంటే వాళ్లేం చేస్తారు? కట్టేస్తారు.

అందరూ కట్టేశారు. కొత్త పెళ్లికొడుకు పెళ్లికూతురికి బొమ్మలు చూపిస్తూ కట్టేశాడు. ఒక ముసలమ్మ మనవరాలితో మాట్లాడుతూ, అటు చూడనైనా చూడకుండా, సొంత ఇంట్లో దొడ్లోని కుళాయిలాగా కట్టేసి ముందుకు పోయింది. ఒక పెద్ద ఆఫీసరు గన్‌మన్‌తో సహా వచ్చి, కట్టేసి, నీటిపొదుపు గురించి నాకు చిన్న ఉపన్యాసమిచ్చాడు. ఆయన వెళ్లేదాకా తెరవటానికి మాకు ధైర్యం చాలలేదు. లోపల మోటారు మూలుగుతూనే ఉంది. కట్టి ఉంచితే కాసేపటికి అది వేడెక్కి కాలిపోతుంది. అందుకని ఎవరు కట్టినా వెనకే వెళ్లి నేను తెరవాలి. వాళ్లు కట్టటం, నేను తెరవటం.

బోర్డు పెట్టించాం. 'దయచేసి కుళాయిని ముట్టుకోవద్దు.' ఒకావిడ చదివింది. చదివి, చీర కొంగు చేతికి చుట్టుకుని కట్టింది. "ముట్టుకోలేదమ్మా, కొంగుతోనే గదా" అన్నది.

ఇంకో బోర్డు పెట్టించాం. 'ఈ నీళ్లు వృథా కావటం లేదు. ఇవే నీళ్లు తిరిగి వస్తాయి.' ఒక పెద్దాయన దాన్ని గట్టిగా కూడబలుక్కుని చదివి, "ట్యాంకరోడు గూడా ఇదే చెప్తాడు, మళ్లా వస్తాననీ" అని కట్టేశాడు.

తాడు కట్టాం. నీళ్ల కోసం తాడేం ఖర్మ, గోడలు దాటిన జనం. పిడి తీసేస్తామని సుచరిత గారు ఫోన్లో బతిమాలితే, పిడి లేకపోతే అది కుళాయి కాదు, ఉత్త గొట్టమని విశ్వం గారు ఒప్పుకోలేదు. అద్దాల పెట్టె పెడతామంటే, చప్పుడు వినబడదని దానికీ ఒప్పుకోలేదు.

నాది పుల్లలచెరువు మండలమే. మా నాయన రోజూ బెండ మొక్క మీదికి వంగి ముఖం కడుక్కునేవాడు, ఆ నీళ్లు మొక్కకు పోవాలని. అట్లాంటి ఇంట్లో పెరిగిన నేను జీతం తీసుకుని కుళాయి తెరుస్తున్నాను. అవే నీళ్లు తిరుగుతున్నాయని నాకు తెలుసు. నా చేతికి తెలియదు.

ఎదుట తెరవొద్దు

ఒకసారి ఒక అవ్వ కట్టింది. నేను వెంటనే తెరిచాను. ఆమె చప్పుడు విని వెనక్కి వచ్చి మళ్లీ కట్టింది. మళ్లీ తెరిచాను. మళ్లీ కట్టింది. ఇద్దరం వదినా ఆడపడుచుల్లా పంతానికి పోయాం. జనం బొమ్మల్ని వదిలేసి మా చుట్టూ చేరారు. ఆ రోజు ఏసీ కింద కూడా ఎవరూ లేరు.

చివరికి అవ్వ చేతులు దించేసింది. కోపంగా అనలేదు, బాధగా అన్నది. "నీకు నీళ్లంటే ఏందో తెలీదా అమ్మీ? యా ఊరు నీది?"

ఊరి పేరు చెప్పటానికి నాకు నోరు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె తలూపుకుంటూ వెళ్లిపోయింది.

ఆ రోజు ఒక నియమం పెట్టుకున్నాను. తర్వాత నా కింద చేరిన అందరికీ నేర్పాను. కట్టినవాళ్ల ఎదుట తెరవకూడదు. వాళ్లు ద్వారం దాటి, మెట్లు దిగి, చెప్పులు వేసుకునేదాకా ఆగాలి. అంతసేపు మోటారు తట్టుకుంటుంది. నీళ్లను కాపాడామన్న తృప్తితో వాళ్లను ఇంటికి పోనివ్వాలి. మ్యూజియం నుంచి ఏదో ఒకటి వెంట తీసుకుపోవాలంటారు కదా, అదే తీసుకుపోనీ.

విశ్వం గారు వస్తున్నారు

విశ్వం గారి స్నేహితులెవరో దారిలో మా షెడ్డుకు వచ్చి, కుళాయి కట్టి ఉండగా ఫోటో తీసి ఆయనకు పంపారు. ఆయనే స్వయంగా వస్తున్నానని చెప్పాడు. ధార ఆగినట్టు కళ్లతో చూస్తే ఆ రోజే విప్పి తీసుకుపోతానన్నాడు. ఆయనతో పాటు ట్రస్టు పెద్దలు ఇద్దరు. షెడ్డుకు అంతో ఇంతో పేరు వచ్చింది ఆ కుళాయి వల్లే. అది పోతే మ్యూజియం మూసేసి, షెడ్డును శనగల గోడౌనుకు ఇచ్చేస్తామని వాళ్లు ముందే చెప్పారు.

ఆయన వచ్చే రోజు పొద్దున సుచరిత గారి గొంతు అసలు వినబడనంతగా తగ్గిపోయింది. "ఇది పోతే నాకింకేం లేదు రంగమ్మా" అన్నది. నాకు భయమేసింది. నా జీతం గురించి కొంత. కానీ ఎక్కువగా ఆమె గురించే. ఆ ఎండలు, ఆ దుమ్ము, మా చేతి కారాలు, అన్నీ భరించి ఆ షెడ్డును పసిపిల్లను సాకినట్టు సాకింది. అందులో శనగబస్తాలు పడితే చూసి ఓర్చుకునే మనిషి కాదు.

జనాన్ని రానివ్వకుండా ఉంటే సరిపోయేది. కానీ ఖాళీ హాలు చూస్తే ట్రస్టు వాళ్లు అందుకు కూడా మూసేస్తారు. కాబట్టి జనం రావాలి, కుళాయి కట్టకూడదు. నన్ను కుళాయి పక్కన నిలబెట్టారు.

అప్పుడొచ్చింది బస్సు. పుల్లలచెరువు వైపు పొదుపు సంఘం ఆడవాళ్లు, బస్సు నిండా. మార్కాపురంలో మీటింగు తొందరగా అయిపోయిందట. వాళ్లను తీసుకొచ్చిన బస్సు మధ్యాహ్నం దాకా కదలదట. షెడ్డులో ఏసీ ఉందని ఎవరో చెప్పారట. వాళ్లకు పెద్దదిక్కు పిచ్చమ్మ. పొడుగ్గా, గట్టిగా, వరుసలో నిలబెట్టటానికే పుట్టినట్టు ఉంది. నన్ను చూడగానే ఊరు అడిగింది. చెప్పాను.

"ఓసి నీ! మా పక్కూరే గదా. అయితే నాకు కోడలి వరసవుతావు" అన్నది.

"అత్తా, ఒక్క సాయం చెయ్యి" అన్నాను. "ఈ కొళాయి మాత్రం ఎవురూ కట్టొద్దు. కట్టినారంటే ఈ షెడ్డు మూసేస్తారు. మా మేడంది, నాది, అందరివీ ఉద్యోగాలు పోతాయి."

"అయ్యో, నీ ఉద్యోగం పోతాదంటే ఎందుకు కడతామే?" అని వెనక్కి తిరిగి గట్టిగా కేకేసింది. "ఏమ్మా, అందరూ ఇన్నారా? కొళాయి ఎవురూ కట్టొద్దంట! మన పిల్ల ఉద్యోగమంట!"

అందరూ తలూపారు. నా గుండెల మీద బరువు దిగింది. అప్పుడు పిచ్చమ్మ ధార వైపు చూస్తూ, "కట్టొద్దన్నావు, సరే. పోయే నీళ్లు పట్టుకోవచ్చు గదా?" అన్నది.

జవాబు చెప్పేలోపు కాశయ్య పరుగెత్తుకొచ్చాడు, కారు వచ్చిందని. నేను వెళ్లిపోయాను. అడిగినదానికి జవాబు చెప్పకుండా వెళ్లిపోతే మావైపు దాన్ని ఒప్పుకున్నట్టే తీసుకుంటారు.

వరుస

విశ్వం గారు పొడుగాటి మనిషి. నెరిసిన జుట్టును వెనక పిలకలా కట్టుకున్నాడు. కాళ్లకు అద్దంలా మెరిసే బూట్లు, మెట్ల దగ్గర విప్పమని మేమెవరం చెప్పలేదు. ట్రస్టు పెద్దలిద్దరూ చెరో పక్క, సుచరిత గారు ముందు, నేను వెనక. అందరం హాల్లోకి అడుగుపెట్టి ఆగిపోయాం.

కుళాయి దగ్గర మొదలై, ఎర్ర బొమ్మ ముందుగా, వియోగాన్ని చుట్టుకుని, ద్వారం దాకా ఒక వరుస. నీళ్ల సీసా, టిఫిన్ బాక్సు, మూతలేని ఫ్లాస్కు, ఆ పొద్దునే బజారులో కొన్న ప్లాస్టిక్ బిందె, గొడుగు, మెట్ల దగ్గర నుంచి తెచ్చిన చెప్పుల జత, రుమాల్లో మూటకట్టిన రాయి. ఒకదాని వెనక ఒకటి, గీత గీసినట్టు. మనుషులు మాత్రం వరుసలో లేరు. ఏసీ కింద గుంపుగా కూర్చుని బొరుగులు తింటున్నారు. మా ఊళ్లల్లో ట్యాంకరు దగ్గర ఇదే పద్ధతి. బిందె నిలబడుతుంది, మనిషి నీడన కూర్చుంటుంది. బిందె లేనివాళ్లు చెప్పులు పెడతారు, చెప్పులు లేనివాళ్లు రాయి పెడతారు. ఆ రాయిని జరిపే మొగాడు ఇంకా పుట్టలేదు.

"ఇదెవరి పని?" అన్నాడు విశ్వం గారు మెల్లగా. కొత్త బొమ్మ అనుకున్నాడు పాపం. ట్రస్టు పెద్దల్లో ఒకాయన వంగి, రుమాల్లో రాయిని ఫోటో తీస్తున్నాడు. సుచరిత గారు నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

విశ్వం గారు వరుస పక్కనే నడుచుకుంటూ కుళాయి దగ్గరికి పోబోయాడు.

"ఓ అన్నా!" పిచ్చమ్మ గొంతు హాలంతా మోగింది. "యాడికి పోతాన్నావు ముందుకు? లైను కనపడటంలా?"

"అమ్మా, ఆయన..." సుచరిత గారికి మాట తడబడింది. "ఆ కుళాయి ఆయనదే."

"ఆయన పెట్టించినాడా? చల్లగుండాల. అయితే ఏంది? మా ఊరికి ట్యాంకరు సర్పంచే తెప్పిస్తాడు. వాళ్లింటి బిందె గూడా లైన్లోనే ఉంటాది. నీ తరపున ఏదన్నా పెట్టి ఇట్లొచ్చి కూర్చో."

విశ్వం గారు జేబులు తడుముకున్నాడు. ఫోన్ తీసి కింద పెట్టబోయాడు.

"ఫోను వద్దు, తొక్కుతారు. నీ బూటుందిగా!"

దేశదేశాలు తిరిగిన మనిషి, ఒక బూటు విప్పి రుమాల్లో రాయి వెనక పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియదు. పిచ్చమ్మ చెబితే పెట్టకుండా ఉండటం కష్టం. వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె చేతినిండా బొరుగులు పోసింది.

"ఏమ్మా, ఈ కుళాయి చూస్తే మీరంతా ఎందుకు కట్టేస్తారు?" అని అడిగాడు. కోపం లేదు గొంతులో. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

పిచ్చమ్మ ఆయన్ని వింతగా చూసింది. "ఎందుకంటావేంది? తెరిచినోళ్లు మర్చిపోతే చూసినోళ్లు కడతారు."

వరుస కదిలింది. సీసా నిండింది, టిఫిన్ బాక్సు నిండింది, కొత్త బిందె నిండింది. తొట్టిలో నీళ్లు తగ్గటం నాకు కనబడుతోంది. నోరు తెరిస్తే గొడవ, మూసుకుంటే ముప్పు. సరిగ్గా బూటు వంతు రాగానే కుళాయి దగ్గింది. ఒకసారి ఉమ్మింది. ఆగిపోయింది.

సుచరిత గారు కళ్లు మూసుకుంది. ధార ఆగితే తీసుకుపోతానన్న మనిషి ముందే, ఆయన వంతులోనే ధార ఆగింది. నాకు శనగబస్తాలు కళ్ల ముందు కనబడ్డాయి.

"అయిపాయె" అన్నారు ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో. ట్యాంకరు ఖాళీ అయినప్పుడు అనే మాటే అది. నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను.

పిచ్చమ్మ లేచింది. "ఎవురు మిగిలినారు?"

"ఈ అన్నొక్కడే."

"అయితే తలా ఇంత పొయ్యండి."

అది కూడా మా పద్ధతే. చివరివాళ్లను ఖాళీగా పంపరు. అందరూ సీసాలు, డబ్బాలు పట్టుకుని వచ్చారు. వచ్చి బూటు చుట్టూ నిలబడ్డారు. దాని వైపు చూశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"దీంట్లో ఎట్ల పోసేదక్కా?" అన్నది ఒక పిల్ల తల్లి.

విశ్వం గారు నవ్వు ఆపుకోలేకపోయాడు. "తొట్టిలో పోయండమ్మా" అన్నాడు.

పోశారు. తలా ఇంత అనుకుని మొదలుపెట్టి, ఒకర్ని చూసి ఒకరు, పట్టుకున్నవన్నీ పోసేశారు. మోటారు గుడగుడలాడింది. కుళాయి మళ్లీ దగ్గింది, తుమ్మింది, ధార పడింది. ఆడవాళ్లు పండగలాగా అరిచారు. ట్రస్టు పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

"నీ వంతే, పో" అన్నది పిచ్చమ్మ.

విశ్వం గారు ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో కుళాయి దగ్గరికి వెళ్లాడు. దోసిలి పట్టి ముఖం కడుక్కున్నాడు. కడుక్కుంటూ, వెనక్కి తిరిగి పిచ్చమ్మతో ఏదో చెబుతూ, చెబుతూ, చేత్తో కుళాయి కట్టేశాడు.

ఆయన తన చెయ్యి వైపే చూసుకుంటూ నిలబడ్డాడు.

"అట్లుండాల!" అన్నది పిచ్చమ్మ. "మంచి తల్లి పెంచినట్టుంది నిన్ను."

హాలంతా నవ్వింది. సుచరిత గారు నవ్వుతూ ఏడ్చేసింది. ఆయన కూడా నవ్వాడు, నవ్వి ఆ నల్లరాతి తొట్టి గట్టు మీదే కూలబడ్డాడు. నేను దగ్గరికి వెళ్లి, "సార్, మోటారు కాలిపోతుంది" అన్నాను. ఆయన పక్కకు జరిగాడు. నేను తెరిచాను. ఎదుట తెరవకూడదన్న నా నియమాన్ని ఆ ఒక్కసారే తప్పాను.

షెడ్డు గోడౌను కాలేదు. కుళాయి అక్కడే ఉంది. విశ్వం గారు షరతు వెనక్కి తీసుకుని, పాత బోర్డులన్నీ తీయించి, కొత్తది ఒకటి పెట్టించాడు. 'కట్టాలనిపిస్తే కట్టండి. తెరవటం మా పని.' అది చూసినప్పటి నుంచి జనంలో సగం మంది కట్టటం మానేశారు. కట్టమంటున్నారంటే ఏదో మతలబుందని వాళ్ల అనుమానం.

ఆ బూటు మాత్రం దొరకలేదు. హడావిడిలో ఎవరి సంచిలోకో వెళ్లి బస్సెక్కింది. ఆయన ఒక బూటుతో హైదరాబాదు పోయాడు. రెండోది పుల్లలచెరువు వైపు ఏ ట్యాంకరు లైన్లోనో ఇప్పటికీ నిలబడే ఉంటుందని నా నమ్మకం.

చివరి రోజు

శాలువా కప్పారు, మాట్లాడారు. ఏం మాట్లాడారో రాయక్కర్లేదు, అన్ని చోట్లా అదే మాట్లాడతారు. నేను బ్యాడ్జి తీసి ఇచ్చేసి గేటు దాకా వెళ్లి, అన్నం క్యారియరు మర్చిపోయానని వెనక్కి వచ్చాను. హాల్లో నలుగురైదుగురు సందర్శకులున్నారు. వాళ్లలో నేనూ ఒకదాన్ని, చేతిలో క్యారియరు ఉంది, మెడలో బ్యాడ్జి లేదు.

కుళాయి పక్కగా నడుస్తున్నాను. ఆగాను. ఇన్నేళ్లలో దాన్ని ఎన్నిసార్లు తెరిచానో లెక్కలేదు. ఒక్కసారి కూడా కట్టలేదు. కట్టటం నా ఉద్యోగం కాదు. ఇప్పుడు నాకు ఉద్యోగం లేదు.

చెయ్యి చాచి కట్టేశాను. ధార ఆగింది. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మా నాయన చూస్తే బాగుండునని అనిపించింది.

నా స్థానంలో చేరిన పిల్ల లక్ష్మీప్రసన్న మూల నుంచి చూస్తోంది. నా దగ్గరే పని నేర్చుకుంది. దగ్గరికి రాలేదు.

"పోయొస్తా అమ్మీ" అన్నాను.

"మంచిదవ్వా" అన్నది, చేతులు కట్టుకుని, ఎవరో కొత్త సందర్శకురాలితో అన్నట్టు.

ద్వారం దాటాను. మెట్లు దిగాను. చెప్పులు వేసుకున్నాను. అప్పుడు లోపల మళ్లీ నీళ్ల చప్పుడు మొదలైంది.